స్పెక్ట్రోమీటర్: వెలుగును విడదీసి చదివే పరికరం

స్పెక్ట్రోమీటర్‌కు తెలుగు పాఠ్యపుస్తకాల్లో పేరు వర్ణపటమాపకం. ఒక పదార్థం నుంచి వెలువడిన కాంతిని గానీ, దాని గుండా పోయి మిగిలిన కాంతిని గానీ రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో కొలిచే పరికరం ఇది. కొలవకుండా కంటికి చూపించి ఊరుకునేదాన్ని స్పెక్ట్రోస్కోపు అనీ, ఫొటో పలక మీద అచ్చు వేసేదాన్ని స్పెక్ట్రోగ్రాఫు అనీ పాతకాలంలో వేరు చేసేవారు. ఇప్పుడు ఆ తేడా పెద్దగా ఎవరూ పాటించడం లేదు. రంగు అన్నది కూడా మాటవరసకే. మన కంటికి కనిపించేది సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి మాత్రమే. దానికి అటు అతినీలలోహితం, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు. ఇటు పరారుణం, మైక్రోతరంగాలు. వీటన్నిటికీ వేటి స్పెక్ట్రోమీటర్లు వాటికున్నాయి. కాంతితో పనే లేకుండా అణువులను బరువు ప్రకారం వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌నూ ఈ కుటుంబంలోనే చేర్చారు. ఆ చేర్పు ఎంతవరకు సబబన్నది పక్కన పెడితే, ఈనాటి రసాయన విశ్లేషణలో పెద్ద బరువు మోస్తున్నది అదే.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో నిలబడి చూస్తే ఈ పరికరంతో ముడిపడని పని తక్కువ. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేది ఇక్కడే. పడమరగా వరి మళ్లు, తూర్పుగా ఉప్పునీటి రొయ్యల గుంటలు, ఇసుక మీద సరుగుడు తోటలు. మడిలో మట్టికి పరీక్ష ఉంది, గుంటలో రొయ్యకు పరీక్ష ఉంది, పంట బాగా వచ్చిన ఏడు నెల్లూరు వెళ్లి కొన్న గొలుసుకూ పరీక్ష ఉంది. దక్షిణంగా వంద కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట నుంచి లేచే రాకెట్లు చంద్రుడికీ సూర్యుడి వైపుకూ మోసుకుపోయినవాటిలోనూ స్పెక్ట్రోమీటర్లే ముఖ్యం. ఉత్తరంగా రెండువందల కిలోమీటర్లలోపు గుంటూరు ఉంది. ఈ పరికరం చరిత్రలో గుంటూరుకు ఒక పేజీ ఉంది.

పొయ్యి మీద ఉప్పు

మూలసూత్రం తెలియడానికి ల్యాబు అక్కర్లేదు. గ్యాసు పొయ్యి నీలి మంట మీద చిటికెడు ఉప్పు చల్లితే మంట ఒక్క క్షణం నిండు పసుపుగా వెలుగుతుంది. చారు పొంగి పొయ్యిలో పడ్డప్పుడు కనిపించేదీ ఈ పసుపే. ఉప్పులోని సోడియం పరమాణువుకు బయటి అంచున ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. మంట వేడికి అది పై మెట్టు ఎక్కి, నిలవలేక దిగుతుంది. దిగేటప్పుడు ఆ రెండు మెట్ల మధ్య ఉన్న శక్తిని కాంతిగా వదిలేస్తుంది. మెట్ల మధ్య ఎత్తు సోడియానికి ఎప్పుడూ ఒక్కటే కాబట్టి ఆ కాంతి తరంగదైర్ఘ్యమూ ఎప్పుడూ ఒక్కటే. కచ్చితంగా చెప్పాలంటే 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర రెండు గీతలు, జంటగా. ఉప్పు ఇస్కపల్లి మడుల్లో పండినా, గుజరాత్ నుంచి ప్యాకెట్లో వచ్చినా, దూరపు నక్షత్రంలో ఉన్నా సోడియం గీతలు మారవు. రాగికి ఆకుపచ్చ, స్ట్రాన్షియానికి ఎరుపు, బేరియానికి లేత ఆకుపచ్చ. దీపావళి మతాబులు చేసేవాళ్ల విద్య ఇదే.

సూర్యకాంతిని గాజు పట్టకంతో విడదీసి వర్ణపటం చూపించినవాడు న్యూటన్. 1814లో జర్మనీలో గాజు పని చేసే యోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ ఆ వర్ణపటాన్ని ఇంకా పరీక్షగా చూసి, రంగుల మధ్య 570కి పైగా నల్ల గీతలున్నాయని లెక్కపెట్టి పటం గీశాడు. అవి ఏమిటో ఆయనకు తెలియదు. 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ ఆ చిక్కు విప్పారు: వేడెక్కిన వాయువు ఏ రంగును వెదజల్లుతుందో, చల్లగా ఉన్నప్పుడు తన గుండా పోయే తెల్లకాంతిలోంచి అదే రంగును మింగేస్తుంది. అంటే సూర్యుడి నల్ల గీతలు, పొయ్యి మీది పసుపు గీతలు ఒకే నాణేనికి బొమ్మా బొరుసూ. ఆ వెంటనే వాళ్లిద్దరూ ఒక ఊటనీటిని మరిగించి మిగిలిన లవణాన్ని మంటలో పెట్టి, ఎవరికీ తెలియని నీలి గీతలు చూసి 1860లో సీజియాన్ని కనిపెట్టారు. మరుసటి ఏడు ఇదే పద్ధతిలో రుబీడియాన్నీ పట్టుకున్నారు. తూచడానికి సరిపడా పదార్థం లేకుండానే మూలకం ఉందని చెప్పగలగడం అప్పటికి కొత్త సంగతి.

లోపల ఏముంటుంది

డిగ్రీలో ఫిజిక్స్ చదివిన తెలుగువాళ్లందరికీ స్పెక్ట్రోమీటర్ అంటే ఒక చీకటి గది, ఒక సోడియం దీపం గుర్తుకొస్తాయి. స్విచ్చి వేయగానే ఆ దీపం మొదట గులాబీ ఎరుపుగా వెలుగుతుంది, ఎందుకంటే ముందు అంటుకునేది అందులోని నియాన్. సోడియం వేడెక్కి ఆవిరై పసుపు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోగా విద్యార్థి చేయాల్సిన పని టెలిస్కోపును కిటికీ బయట దూరంగా ఉన్న చెట్టు కొమ్మకో, కరెంటు స్తంభానికో సరిచేయడం. తర్వాత కొలిమేటర్. దాని కొసన సన్నటి చీలిక, రెండో కొసన కటకం. చీలికలోంచి వచ్చిన కాంతిని ఇది సమాంతరంగా చేసి పంపుతుంది. నడుమ గుండ్రటి బల్ల మీద 60 డిగ్రీల గాజు పట్టకం.

పట్టకాన్ని మెల్లగా తిప్పుతుంటే టెలిస్కోపులో పసుపు గీత ఒక పక్కకు జరుగుతూ పోతుంది. ఒకచోట ఆగుతుంది. ఇంకా తిప్పితే వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. ఆ మలుపే కనిష్ఠ విచలన స్థానం. వెర్నియర్ మీద నిమిషం దాకా కోణం చదివి లెక్క కడితే, విచలనం 39 డిగ్రీలు వచ్చిన గాజుకు వక్రీభవన గుణకం 1.52 అని తేలుతుంది. కాలేజీలో ఈ ప్రయోగం గాజు గుణం తెలుసుకోవడానికి చేయిస్తారు గనక, చాలామందికి ఈ పరికరం అసలు పని పదార్థాలను గుర్తించడమని తెలియకుండానే డిగ్రీ పూర్తవుతుంది. ఇది మన సిలబస్‌లో పాత లోటు.

కోట్ల రూపాయల యంత్రంలోనూ ఉండేది ఈ వరసే: కాంతి మూలం, చీలిక, విడదీసే భాగం, కొలిచే భాగం. పట్టకం స్థానంలో ఇప్పుడు గ్రేటింగ్ ఉంటుంది, అంటే మిల్లీమీటరుకు వందల గీతలు గీసిన పలక. పాత సీడీని వెలుతురులో వంచితే రంగులు కనిపించేది అందుకే. సీడీ మీద వరసల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు దాదాపు 625 వరసలు. కాలేజీ గ్రేటింగూ సుమారు అంతే. కన్ను ఉండాల్సిన చోట ఎలక్ట్రానిక్ డిటెక్టరు, వెర్నియర్ స్థానంలో కంప్యూటరు వచ్చాయి. మారనిది ఒకటుంది. ఈ యంత్రం ఏ పదార్థానికీ దానంతట అది పేరు పెట్టలేదు. తెలిసిన పదార్థం గీతలను పక్కన పెట్టి పోల్చినప్పుడే పేరు తెలుస్తుంది. చీలిక ఎంత సన్నగా ఉంటే గీతలు అంత విడివిడిగా కనిపిస్తాయి, కానీ వెలుతురు తగ్గిపోతుంది. స్పష్టత కావాలా వెలుతురు కావాలా అన్న బేరం ప్రతి స్పెక్ట్రోమీటర్‌లోనూ ఉంది.

1868 ఆగస్టు 18, గుంటూరు

పోలిక కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కన్ మీదుగా వచ్చి గుంటూరు, మచిలీపట్నం దాటి బంగాళాఖాతంలోకి పోయింది. కిర్కాఫ్ సూత్రం వచ్చిన తర్వాత స్పెక్ట్రోస్కోపుతో చూడటానికి దొరికిన మొదటి పెద్ద గ్రహణం అది. పారిస్ నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశాడు. బ్రిటిష్ తరఫున మేజర్ టెనెంట్ బృందమూ గుంటూరులోనే ఉంది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో దిగాడు. ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి వనపర్తిలో మరో బృందాన్ని నడిపాడు.

సూర్యబింబం పూర్తిగా మూతపడ్డ ఆ కొద్ది నిమిషాల్లో అంచున ఎర్రటి నాలుకల్లాంటి జ్వాలలు కనిపించాయి. వాటి వర్ణపటంలో ఉన్నవి నల్ల గీతలు కావు, మెరిసే గీతలు. అంటే ఆ జ్వాలలు వేడెక్కి మెరుస్తున్న వాయువు. హైడ్రోజన్ గీతలు వెంటనే పోల్చుకున్నారు. వాటితో పాటు పసుపు దగ్గర ఒక గీత ఉంది. పసుపు గీత అనగానే అందరికీ తోచేది సోడియమే. కానీ ఈ గీత ఉన్నది 587.6 దగ్గర, సోడియం జంట కన్నా ఒకటిన్నర నుంచి రెండు నానోమీటర్ల ఇవతల. అప్పటి చిన్న పట్టకాల్లో ఆ తేడా పసిగట్టడం కష్టం. దాని స్థానం మీద తొలిగా సందేహపడినవారిలో మచిలీపట్నంలోని పాగ్సన్ ఒకడు.

హీలియాన్ని జాన్సెన్ గుంటూరులో కనిపెట్టాడని మన పత్రికల్లో తరచూ రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. జాన్సెన్ గుంటూరులో సాధించింది ఇంకొకటి. ఆ జ్వాలల గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా కూడా కనిపించాలి కదా అని అక్కడికక్కడే ఆయనకు తట్టింది. మరునాడు, ఆగస్టు 19న, మామూలు పగటి వెలుగులోనే స్పెక్ట్రోస్కోపు చీలికను సూర్యుడి అంచుకు పెట్టి వాటిని చూశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గుంటూరు సంగతి తెలియకుండానే అదే పద్ధతిని అక్టోబరు 20న సాధించాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు అందాయి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం వేయించింది. ఆ పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని, సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అన్నది లాకియర్. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజం నుంచి ఒక వాయువును తీసి దాని వర్ణపటం చూస్తే అదే గీత కనిపించింది. ఇరవై ఏడేళ్ల పాటు ఆ మూలకానికి ఉన్న ఆధారమంతా ఒక్క గీత.

నీలం ఎంత చిక్కగా ఉంది

మెరిసే గీతలు చూడటం ఒక పద్ధతైతే, ద్రావణం ఎంత కాంతిని మింగిందో చూడటం ఇంకో పద్ధతి. ద్రావణం చిక్కనయ్యేకొద్దీ మింగే కాంతి ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది. దీన్ని బీర్-లాంబర్ట్ నియమం అంటారు. తెల్లగాజు గ్లాసులో పలచటి టీకి, చిక్కటి టీకి రంగులో తేడా చూసి పొడి ఎంత వేశారో అంచనా కట్టినట్టే, కాకపోతే అంకెలతో.

భీమవరంలో పుట్టి హార్వర్డు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫాస్ఫేటుకు ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే నీలం అంత చిక్కన. అప్పట్లో రెండు గాజు గొట్టాల రంగును కంటితో సరిపోల్చే కలరీమీటరే ఆధారం. తర్వాత ఆ కన్ను ఉద్యోగం స్పెక్ట్రోఫోటోమీటర్ తీసుకుంది. ఈ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ ఎలా పనిచేస్తాయన్న పరిశోధనకు దారి పడింది. బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ చదువుతారు. ఆ పేరులోని సుబ్బారావు మన భీమవరం మనిషని తెలిసి చదివేవాళ్లు మాత్రం తక్కువ.

ఆ నీలానికి దగ్గరి చుట్టం మట్టి పరీక్ష ల్యాబులో ఉంది. విడవలూరు వరి మడి నుంచి వెళ్లిన మట్టిలోని భాస్వరాన్ని కొలిచేది కూడా మాలిబ్డేట్ నీలంతోనే. పొటాష్‌ను ఫ్లేమ్ ఫోటోమీటర్‌తో చూస్తారు. అది మళ్లీ పొయ్యి మీద ఉప్పు కథే, కాకపోతే పొటాషియం గీతలు ఎరుపు చివర 766-770 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. జింకు, ఇనుము, రాగి, మాంగనీసులకు అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్. 1950లలో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ రూపొందించిన ఈ పద్ధతిలో జింకును కొలవాలంటే జింకుతోనే చేసిన దీపం వెలిగిస్తారు. ఆ దీపం ఇచ్చే 213.9 నానోమీటర్ల కాంతిని మంటలోని జింకు పరమాణువులు మాత్రమే మింగుతాయి. దొంగను పట్టడానికి దొంగనే పంపడం లాంటిది. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు మీద ఉండే 12 అంశాల్లో సగానికి పైగా ఇలా కాంతితో కొలిచినవే.

అయితే ఆ కార్డు నాణ్యత యంత్రంలో కన్నా మడిలో తేలుతుంది. పదిచోట్ల ఇంగ్లీషు వీ ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, పక్క నుంచి మట్టి చెక్కి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. గెనిమల పక్కన, పెంట పోగు దగ్గర, చెట్టు కింద తీయకూడదు. నీడలో ఆరబెట్టాలి. ఇవన్నీ వదిలేసి గెనిమ మీద నిలబడి చేతికందిన చోట గుప్పెడు మట్టి తీసిస్తే, యంత్రం ఆ గుప్పెడు గురించి నిజమే చెబుతుంది. మడి గురించి కాదు.

రొయ్యను తూచే యంత్రం

1990లలో టైగర్ రొయ్య, 2009లో అనుమతి వచ్చాక వనామి. నెల్లూరు తీరం ఈ సాగు మీద లేచింది, పడింది, మళ్లీ లేచింది. డాలరు పంట అని పేరు పడ్డ ఈ సరుకుకు కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క, ఎంత ముఖ్యమో, అవశేషాల పరీక్ష అంత ముఖ్యం. 2001-02లో ఆసియా దేశాల రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు యూరప్‌లో బయటపడి దుమారం రేగింది. ఈ రెండూ ఆహార జంతువుల్లో నిషిద్ధం. యూరప్ నిబంధనల్లో క్లోరాంఫెనికాల్‌కు కిలోకు 0.3 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ మిగుళ్లకు 1 మైక్రోగ్రాము గీటురాయిగా నిలిచాయి. 2022 నవంబరు నుంచి వాటిని 0.15కూ, 0.5కూ దించారు. 2016లో భారత సాగు రొయ్యల సరుకుల్లో సగానికి సగం యూరప్ రేవుల్లో నమూనా పరీక్షకు పెట్టాలన్న నిబంధన వచ్చింది.

కిలోకు 0.3 మైక్రోగ్రాములంటే ఎంతో తెలియాలంటే, పది టన్నుల లారీలు వంద వరసగా నిలబెట్టి, ఆ వెయ్యి టన్నుల రొయ్యల్లో గ్రాములో మూడో వంతు కన్నా తక్కువ మందు కలిపినట్టు ఊహించుకోవాలి. పొయ్యి మంటలూ నీలి రంగులూ ఇంత చిన్న కొలతకు అందవు. ఇక్కడికి మాస్ స్పెక్ట్రోమీటర్ రావాలి. 1912-13లో జె.జె. థామ్సన్ నియాన్ వాయువు అయాన్లను విద్యుత్, అయస్కాంత క్షేత్రాల్లో వంచి, 20 బరువున్నదీ 22 బరువున్నదీ వేరు దారులు పట్టడం చూశాడు. 1919లో ఆయన శిష్యుడు ఆస్టన్ దాన్ని నికార్సైన పరికరంగా మలిచాడు. విద్యుదావేశం ఎక్కించిన అణువుల్లో తేలికది ఎక్కువ వంగుతుంది, బరువైంది తక్కువ వంగుతుంది. సూత్రం అంతే.

రొయ్య పరీక్ష దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. పట్టుబడికి ముందు గుంటలోంచి తెచ్చిన రొయ్యల తలా పెంకూ తీసి మాంసాన్ని మెత్తగా రుబ్బుతారు. ఇథైల్ ఎసిటేట్‌తో కడిగి మందు ఉంటే దానిలోకి దిగేలా చేస్తారు. కొవ్వు తీసేసి, నైట్రోజన్ గాలి ఊదుతూ ద్రావకాన్ని ఎగరగొట్టి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలాంటి కాలమ్ గుండా పంపుతారు. కాలమ్ చివర సూదిమొనలోంచి తుంపరగా వచ్చి అయాన్లవుతాయి. క్లోరాంఫెనికాల్ అయాను బరువు 321. మొదటి జల్లెడ 321 బరువున్నవాటిని మాత్రమే వదులుతుంది. రెండో గదిలో వాటిని వాయువుతో గుద్దించి ముక్కలు చేస్తారు. మూడో గదిలోని జల్లెడ 152 బరువున్న ముక్క కోసం చూస్తుంది. 321 బరువున్న పదార్థాలు రొయ్యలో ఇంకా ఉండొచ్చు. 321 పగిలి 152, 257 ముక్కలు సరైన నిష్పత్తిలో, సరైన నిమిషానికి రావడం మాత్రం కాకతాళీయంగా జరగదు. పోల్చుకోవడానికి అదే మందును ఐదు హైడ్రోజన్‌ల స్థానంలో బరువు హైడ్రోజన్ పెట్టి తయారుచేసి, తెలిసిన మోతాదులో ముందే నమూనాలో కలుపుతారు. అది 326 దగ్గర కనబడుతుంది. ఒలకబోతల్లో మందు ఎంత పోయిందో ఆ జంట చెప్పేస్తుంది.

ఇంత పకడ్బందీ పరీక్షకూ ఒక చిక్కుంది. నైట్రోఫ్యూరజోన్ వాడారనడానికి గుర్తు సెమీకార్బజైడ్ అనే పదార్థం. రొయ్యల జాతి జీవుల పెంకులో అది సహజంగా కూడా ఉండగలదని తర్వాత తెలిసింది. పెంకుతో సహా రుబ్బితే మందు ముట్టని రొయ్య కూడా దోషిగా తేలవచ్చు. యంత్రం అబద్ధం చెప్పలేదు, ఆ పదార్థం నిజంగానే ఉంది. తప్పు దాని అర్థం తీయడంలో. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థకు నెల్లూరులో ల్యాబు ఉంది. యూరప్‌కు పోయే సరుకుకు పట్టుబడికి ముందే పరీక్ష పత్రం కావాలి. ఆ మొదటి వడపోత ఎలీసా పద్ధతిలో, చిన్న గుంటల పలకలో రంగు చూసి జరుగుతుంది. అనుమానం వచ్చినవి మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పోతాయి.

బంగారం, చంద్రుడు

నగల దుకాణంలో కారట్ మీటర్ అనే పెట్టెలో బంగారు గాజును పెట్టి మూత వేస్తే నిమిషంలోపే 91.6 అని అంకె వస్తుంది. అది ఎక్స్ కిరణాల స్పెక్ట్రోమీటర్. లోపలి గొట్టం నుంచి వచ్చిన ఎక్స్ కిరణాలు పరమాణువు లోమెట్ల నుంచి ఎలక్ట్రాన్‌ను పడగొడతాయి. ఆ ఖాళీలోకి పైది దిగుతూ తన సొంత శక్తి గల ఎక్స్ కిరణాన్ని వదులుతుంది: బంగారానికి 9.71 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, రాగికి 8.05. ఈ శక్తులు పరమాణు సంఖ్యతో క్రమంగా పెరుగుతాయని 1913లో మోస్లే చూపించాడు. నగ చెడదు, కరగదు. కానీ ఈ చూపు పై పొరకే పరిమితం. బంగారంలో వెంట్రుక మందం కూడా లోపలికి పోదు. మందంగా పూత పూసిన నగ దీన్ని మోసగించగలదు. అందుకే హాల్‌మార్కు కేంద్రాల్లో ముక్క తీసి కరిగించి చూసే పాత పద్ధతికీ చోటుంది.

2023 జులై 14న శ్రీహరికోట నుంచి లేచిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ బండి మీద ఉన్న ఏపీఎక్స్ఎస్ ఈ కారట్ మీటర్‌కు బంధువే. గొట్టానికి బదులు క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం కిరణాలను ఇస్తుంది. పక్కనే ఉన్న లిబ్స్ పరికరం లేజరుతో చంద్రుడి మట్టిని కాల్చి, లేచిన మెరుపును విడదీసి చూసింది. దక్షిణ ధ్రువం దగ్గరి నేలలో గంధకం ఉందని ఆ ఆగస్టు చివర ఇస్రో ప్రకటించింది. అంతకుముందు, 2008 అక్టోబరు 22న వెళ్లిన చంద్రయాన్-1 మీద నాసా వారి ఎం3 అనే స్పెక్ట్రోమీటర్ ఉంది. అది చంద్రుడి నుంచి వచ్చే పరారుణ కాంతిలో 3 మైక్రాన్ల దగ్గర గండి చూసి, నీటి, హైడ్రాక్సిల్ జాడ ఉందని తేల్చింది. 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1లోని కరోనాగ్రాఫ్ తనే సూర్యుడిని మూసి కృత్రిమ గ్రహణం చేసుకుని, 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ ఇనుము గీతను గమనిస్తుంది. గుంటూరులో జాన్సెన్‌కు తట్టిన ఆలోచనకు ఇది వారసురాలే.

వాల్తేరు, హైదరాబాదు

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ చేతిలో ఉన్నది జేబులో పట్టే స్పెక్ట్రోస్కోపు. ఒకే రంగు కాంతిని ద్రవంలోకి పంపితే చెదిరి వచ్చినదాంట్లో, కోటిలో ఒక వంతు లాంటి స్వల్ప భాగం, రంగు మార్చుకుని ఉంటుంది. ఆ మార్పు అణువు కంపనాల ముద్ర. ఈ విద్యను వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం. కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావం మీద ఆయన పుస్తకాన్ని 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. గణితజ్ఞుడు టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని అణు, స్ఫటిక కంపనాలకు అన్వయిస్తూ రాసిన పుస్తకం 1948లో వచ్చింది. ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనిపిస్తుందో, ఏది పరారుణంలో కనిపిస్తుందో ముందే లెక్క కట్టే ఆ పద్ధతి దేశాలు దాటింది. అదే విశ్వవిద్యాలయంలో కొచ్చర్లకోట రంగధామరావు వర్ణపట శాస్త్రానికి ఒక బడి నిలబెట్టాడు. ఇప్పుడు చేతిలో ఇమిడే రామన్ పరికరాలతో సీసా మూత తీయకుండానే లోపలి మందు ఏదో చూడొచ్చు.

హైదరాబాదులోని అణు ఖనిజ సంచాలనాలయం గామా స్పెక్ట్రోమీటర్లతో తీరపు ఇసుకలో మోనజైట్ వెతుకుతుంది. అందులోని థోరియం వంశానిది 2.61 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల గీత. కొవిడ్ కాలంలో వేలికి తొడిగిన పల్స్ ఆక్సీమీటర్ 660, 940 నానోమీటర్ల రెండే రంగులతో రక్తాన్ని చదివే బుల్లి స్పెక్ట్రోమీటర్ అనుకోవచ్చు. పాల కేంద్రంలో వెన్న శాతం చెప్పే పెట్టెను మాత్రం ఈ జాబితాలో చేర్చకూడదు. పల్లెల్లో ఉండేది ఎక్కువగా శబ్ద తరంగాలతో పనిచేసే యంత్రం.

రిపోర్టు చేతికొచ్చాక

విశ్లేషణ రిపోర్టుల్లో జనం ఎక్కువగా పొరబడేది "నాట్ డిటెక్టెడ్" అన్న మాట దగ్గర. దానర్థం ఆ పదార్థం సున్నా అని కాదు, ఆ పద్ధతి కనిష్ఠ పరిమితికి పైన కనబడలేదని. 1 మైక్రోగ్రాము దాకా మాత్రమే చూడగల పరీక్షలో "లేదు" అని వచ్చిన రొయ్య, 0.15 దాకా చూసే రేవులో దొరికిపోవచ్చు. రైతుకు పంపిన కాగితంలో ఆ అంకె చాలాసార్లు ఉండదు. మట్టికైనా రొయ్యకైనా నీళ్లకైనా పరీక్ష చేయించినప్పుడు ఏ పద్ధతిలో చూశారో, ఎంత తక్కువ దాకా చూడగలరో, నమూనా ఎవరు ఎక్కడ తీశారో రిపోర్టు మీదే రాసివ్వమని అడగండి.